క్లయింట్ ఎదుట కళ్ళు తడవడం తప్పా? ఒక హాస్టల్ కౌన్సెలర్ ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మొదట చెబుతాను. మీరు ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నారు. ఈమధ్యే తండ్రిని పోగొట్టుకున్న ఒక విద్యార్థిని మీతో మాట్లాడుతుండగా మీకూ కన్నీళ్ళు ఆగలేదు. ఆ సంగతి విన్న మీ సీనియర్ ఒకరు, ప్రొఫెషనల్ అన్నవారు మనసును గుమ్మం బయట వదిలి గదిలోకి రావాలని మందలించారు. ప్రిన్సిపాల్ ఆ అమ్మాయి ఏం చెప్పిందో రాసి ఇమ్మంటున్నారు, తల్లి ఫోన్ చేసి అడుగుతున్నారు. పిల్లలు రాత్రి పదకొండు గంటలకు పెట్టే మెసేజ్‌లకు కూడా మీరు జవాబిస్తున్నారు, ఆ తర్వాత మీకు నిద్ర పట్టడం లేదు. మనిషిగా ఉండడం, ప్రొఫెషనల్‌గా ఉండడం, ఈ రెండింటిలో ఏది వదులుకోవాలని అడిగారు.

నేను 22 ఏళ్ళుగా గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. రెండింటిలో ఏదీ వదులుకోనక్కరలేదని నా అనుభవం. మనం పాటించే నియమాలన్నీ, అంటే సమయం, గోప్యత, ఫీజు, ఎంతవరకు మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి అన్నవన్నీ, ఎదుటి మనిషి బాధను తట్టుకోలేక మనం తొందరపడి చేసే మేలు వారికి కీడు కాకుండా ఉండడానికి ఏర్పడినవే. ఇది నాకు పుస్తకాల వల్ల కాక, చేసిన పొరపాట్ల వల్ల తెలిసింది కాబట్టి ఆ పొరపాట్లతోనే మొదలుపెడతాను. ఇందులో చెప్పే మనుషులెవరినీ గుర్తుపట్టడానికి వీలులేకుండా ఊళ్ళూ వయసులూ సందర్భాలూ మార్చాను.

శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఆయన కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో స్కిజోఫ్రీనియాతో చదువు ఆపేశాడు. "నా తర్వాత వీడికి అన్నం ఎవరు పెడతారమ్మా" అని ఆయన అన్న మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన వెంటనే తన మాట ఆపి, లేచి వెళ్ళి, వరండాలోని కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి "ఊరుకోమ్మా" అన్నారు. తర్వాతి వారం వచ్చినప్పుడు ఎంత అడిగినా కొడుకు మందుల సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదు. చివరికి "వద్దులెండమ్మా, మీరు మళ్ళీ బాధపడతారు" అన్నారు. రెండు బస్సులు మారి తన బరువు దించుకోవడానికి వచ్చిన మనిషి నన్ను ఓదార్చే పని నెత్తిన వేసుకుని వెళ్ళిపోయారు.

కాబట్టి మీ విషయంలో నేను అడిగే ప్రశ్న మీ కళ్ళు తడిశాయా లేదా అన్నది కాదు. మీ కళ్ళు తడిసినప్పుడు ఆ అమ్మాయి ఏం చేసింది? తన ఏడుపు తాను ఏడ్చిందా, లేక ఆగి మీ ముఖంలోకి చూసి "సారీ మేడం" అన్నదా? మొదటిదైతే, తన తండ్రి మరణం మరొకరిని కూడా కదిలించగలిగిన విషయమని ఆమెకు తెలిసింది. మార్కుల పట్టికలు తప్ప మరేమీ పట్టని చోట అది చిన్న విషయం కాదు. రెండోదైతే తర్వాతి సెషన్‌లో మీరే ఆ మాట ఎత్తండి. "ఆ రోజు నీ మాటలు విని నాకూ బాధ కలిగింది. కానీ నన్ను నువ్వు కాపాడనక్కరలేదు, నన్ను చూసుకోవడానికి నాకు వేరే మనుషులున్నారు, ఇక్కడ నీకు ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పుకోవచ్చు" అని చెప్పండి. ఈ మూడు ముక్కలు ఆ పెద్దాయనకు చెప్పగలిగే తెలివి నాకు అప్పుడు లేదు.

అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి అవసరమైన పరిస్థితులను లెక్కిస్తూ, ఎదుటివారి లోకాన్ని వారి వైపు నుంచి అర్థం చేసుకోవడం, షరతులు లేని ఆదరణ చూపడం, వీటితోపాటు థెరపిస్టు తనలోపల ఒకటి, పైకి ఒకటిగా లేకుండా నిజాయితీగా ఉండడం అన్న మాట కూడా పెట్టారు. ఈ చివరి దాన్ని చాలామంది, మనకు అనిపించినదల్లా పైకి చెప్పేయడమని పొరబడతారు. మనలో ఏం కదులుతోందో మనకు తెలియడం అందులోని మొదటి భాగం. దాన్ని పైకి చెప్పాలా వద్దా అన్నది ఆ తర్వాతి నిర్ణయం, అది వారి మేలును బట్టి తీసుకోవలసినది. మీ సీనియర్ చెప్పినట్టు మనసును గుమ్మం బయట వదిలేస్తే మనకు మిగిలే పనిముట్టు ఏదీ లేదు. ఒకరి ఎదుట కూర్చుంటే నాకు ఎందుకో నిద్ర ముంచుకొస్తుంది, ఇంకొకరి ఎదుట కారణం లేకుండా కోపం వస్తుంది, మరొకరిని ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాలనిపిస్తుంది. ఈ మూడూ ఆ మనుషుల చుట్టూ ఉన్నవారికి ఏం జరుగుతూ ఉండవచ్చో నాకు చెప్పే సమాచారమే. అయినా ఆయనను నేను తప్పుపట్టను. అలా మాట్లాడేవారిలో చాలామంది ఒకప్పుడు ఎక్కువగా కాలినవారే.

రాత్రి మెసేజ్‌ల సంగతి. ఇది మానేయమని గట్టిగా చెబుతున్నాను, మీ నిద్ర కోసం మాత్రమే కాదు. వారానికి ఒకరోజు, అదే గంటకు, అదే కుర్చీలో మీరు ఉంటారన్న నమ్మకం ఆ వయసు పిల్లలకు ఇచ్చే ఊతం పెద్దది. ఏ క్షణాన పిలిచినా పలుకుతానన్న మాటను మీరు నాలుగు నెలల కంటే నిలబెట్టుకోలేరు, ఆ తర్వాత మీరు పలకని మొదటి రాత్రి ఆ పిల్లకు మళ్ళీ ఒకరు వదిలేసి వెళ్ళినట్టే ఉంటుంది. ఇప్పటికే తండ్రి వెళ్ళిపోయిన పిల్ల. అందుకని ఒక్కసారిగా ఆపకండి. ఈ తేదీ నుంచి సాయంత్రం ఆరు దాటాక జవాబివ్వలేనని, రాత్రి ఇబ్బందైతే వార్డెన్లలో ఎవరిని లేపాలో, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలిమానస్ నంబరు 14416కు ఎలా ఫోన్ చేయాలో ముందే కూర్చోబెట్టి చెప్పండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ సేవకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వీలైతే మీ గదిలోంచే ఒకసారి ఆ నంబరుకు పిల్లల చేత చేయించండి, అవసరమైన రాత్రి కొత్త నంబరు నొక్కడానికి చెయ్యి వణకకుండా ఉంటుంది.

ఇప్పుడు ప్రిన్సిపాల్, తల్లి. మీ ప్రశ్నలో అన్నిటికంటే బరువైన భాగం ఇదేనని నాకు అనిపించింది, మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేసినా.

మనకు చదువులో వచ్చే థెరపీలో గదిలో ఇద్దరే ఉంటారు. మన ఊళ్ళలో ఒక మనిషి వెనక కనీసం నలుగురు వస్తారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది, మేనమామ ఫీజు కడతాడు, తోడికోడలు అసలు సంగతి నేను చెబుతానంటూ చెవి దగ్గరకు వస్తుంది. కొత్తలో వీరందరూ నాకు అడ్డంగా కనిపించేవారు. తర్వాత డాక్టర్ విద్యాసాగర్ గురించి తెలిసింది. 1950ల్లో ఆయన అమృత్‌సర్ మానసిక వైద్యశాలకు అధిపతిగా ఉన్నప్పుడు, కిక్కిరిసిన వార్డులు చూసి, ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబాలను కూడా అక్కడే ఉండనిచ్చారు. గొలుసులతో తెచ్చి దించి వెళ్ళిపోయే అలవాటు ఉన్న కాలంలో, తల్లో అన్నో పక్కనే ఉండి వండిపెడుతూ, రోజూ డాక్టరు మాటలు వింటూ, జబ్బు అంటే ఏమిటో తెలుసుకుని, బాగుపడిన మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత వెల్లూరులోనూ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లోనూ కుటుంబంతో కలిసి ఉండే వార్డులు వచ్చాయి. ఇది మన దేశం ప్రపంచానికి చూపిన దారి అని నేను గర్వంగా చెప్పుకుంటాను. కుటుంబాన్ని శత్రువుగా చూడవద్దని మీకు చెప్పడానికి ఇదంతా రాశాను.

అయితే కుటుంబాన్ని కలుపుకోవడం వేరు, చెప్పిన మాటలు అప్పగించడం వేరు. దీన్ని నేను ఒక అబ్బాయికి అన్యాయం చేసి నేర్చుకున్నాను. పదహారేళ్ళ వాడు. తనకు ఇంజనీరింగ్ ఇష్టం లేదని, ఇంట్లో చెప్పే ధైర్యం లేదని నాతో అన్నాడు. తల్లి కళ్ళనీళ్ళతో అడిగేసరికి, చెబితే ఆమే అర్థం చేసుకుంటుందని, పని త్వరగా అవుతుందని నేను ఆ మాట ఆమెకు చెప్పేశాను. ఆమె అర్థం చేసుకుంది కూడా. కానీ వాడు మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత బజారులో కనిపించి, నమస్కారం పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట తల్లికి వాడు తన నోటితో చెప్పుకోవలసినది. అది చెప్పగలిగే ధైర్యం వాడిలో కలిగించడమే నా పని కాగా, నేను వాడి నోటి ముందు మాట లాగేసుకున్నాను.

2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది, వైద్యం చేసేవారికి దాన్ని బాధ్యతగా పెట్టింది. ప్రాణానికి ముప్పున్నప్పుడు, మరొకరికి హాని జరగబోతున్నప్పుడు, వైద్యం చేసే మరో నిపుణుడికి తెలియవలసినప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇలాంటి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. హాస్టల్ కౌన్సెలర్ ఉద్యోగం ఆ చట్టం చెప్పే నిపుణుల నిర్వచనంలోకి కచ్చితంగా రాకపోయినా, ఆ సెక్షన్‌నే మీ కొలతగా పెట్టుకోండి. ప్రిన్సిపాల్‌కు జీతం ఇచ్చేది మీరు కాదు, ఆయనే మీకు ఇస్తున్నారు. అందుకే ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాదని తలుపు మూసేయకుండా, ఆయనకు నిజంగా కావలసినదేమిటో అడగండి. చాలాసార్లు ఆయన భయం ఒక్కటే, తన హాస్టల్లో ఏదైనా జరగకూడదని. "ఈ అమ్మాయికి ప్రస్తుతం ప్రాణాపాయ ఆలోచనలు లేవు, ఉంటే అదే రోజు మీకూ తల్లికీ నేనే చెబుతాను, ఈ నెల ఆమెకు రెండు పరీక్షలు వాయిదా వేయడం అవసరం" అని రాసివ్వండి. అందులో ఆయన చేయగలిగిన పని ఉంది, ఆ అమ్మాయి చెప్పుకున్న మాట ఒక్కటీ లేదు. ఆ కాగితం కూడా ముందు ఆమెకు చూపించి, ఆమె సరేనన్నాకే ఇవ్వండి.

ఆయన ఇంకా ఒత్తిడి చేస్తే సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు గుర్తుచేయవచ్చు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో కోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడగొట్టకూడదని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో కనిపించేలా పెట్టాలని అందులో ఉంది. మీ కుర్చీ ఆయన దయతో వేసినది కాదని మీకు మీరు గుర్తుచేసుకోవడానికైనా దాన్ని చదవండి.

తల్లితో మాత్రం మరింత మెత్తగా ఉండండి. మైనరు పిల్ల తల్లికి చట్టంలోనూ ఒక స్థానం ఉంది. పైగా ఆమె ఒక కూతురి కబురు కోసం ఫోన్ చేస్తున్న తల్లే కాదు, భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆమెను ఇప్పటివరకు ఎవరైనా "మీరెలా ఉన్నారు" అని అడిగారో లేదో. ఆ ఫోన్ కాల్‌లో సగం ప్రశ్నకు జవాబు అదే కావచ్చు. తర్వాత సెలవుకు వచ్చినప్పుడు తల్లీకూతుళ్ళను కలిపి కూర్చోబెట్టి, ఏ విషయాలు చెబుతాను, ఏవి చెప్పను అన్నది ఇద్దరి ఎదుటా ఒకేసారి చెప్పండి. ఇది మొదటి రోజే చేయవలసిన పని. ఇప్పుడైనా మించిపోలేదు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఒకటుంది. అది భాషకు సంబంధించినది. మన మనుషులు ఈ గదిలోకి డిప్రెషన్, యాంగ్జైటీ అన్న మాటలు పట్టుకుని రారు. మీ పిల్లలు వస్తారేమో, వాళ్ళు ఫోన్లలో చూసి నేర్చుకున్నారు. వారి తల్లులు గుండెల్లో గుబులంటారు, తల దిమ్మంటారు, కాళ్ళూ చేతులూ లాగుతున్నాయంటారు, అన్నం సయించడం లేదంటారు, ఏమీ తోచడం లేదంటారు. ఏభై ఏళ్ళు దాటిన ఒకామె ఒళ్ళంతా మంటలని మూడేళ్ళు తిరిగి, ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు దగ్గర సెలైన్లు ఎక్కించుకుని, పట్నంలో స్కానింగులన్నీ తీయించుకుని, అన్నీ నార్మల్ అని రాసిన ఫైలుతో నా దగ్గరకు వచ్చింది. నేను తెలివిగా మాట్లాడుతున్నాననుకుని, ఇది మీ ఒంట్లో కాదు, మనసులో ఉందని మొదటి రోజే చెప్పాను. ఆమెకు అది "నీకేమీ లేదు, నటిస్తున్నావు" అని వినిపించింది. మళ్ళీ రాలేదు. ఇప్పుడైతే మంటలు ఎప్పుడు ఎక్కువవుతాయి, ఎవరు ఇంట్లో ఉన్నప్పుడు తగ్గుతాయి, మొదటిసారి మంట పుట్టిన రోజు ఇంట్లో ఏం జరిగింది అని ఆ మంటల గురించే అడుగుతాను. నాలుగో ఐదో వారానికి దుబాయి వెళ్ళి ఫోన్ చేయడం మానేసిన కొడుకు తనంతట తానే ఆ మాటల్లోకి వస్తాడు.

పదం మార్చడం వల్ల పోయేది కూడా ఉంది. బెంగ అన్న మాట చూడండి. అమ్మ ఊరెళ్ళితే పిల్లవాడు బెంగ పెట్టుకుంటాడు, అన్నం తినడు, జ్వరం కూడా తెచ్చుకుంటాడు. దాన్ని జబ్బని ఎవరూ అనరు, పట్టించుకోకుండా వదిలేయరు కూడా. ఆ మాటలోనే కారణం ఉంది, ఎవరి కోసమన్నది ఉంది, ఏం చేస్తే తగ్గుతుందో ఉంది. మీ విద్యార్థినికి మీరు రాసుకున్న నోట్సులో ఏ ఇంగ్లీషు పేరు పెట్టారో నాకు తెలియదు గాని, మూడు నెలల క్రితం తండ్రి పోయి, కర్మకాండ అయిన వారానికే హాస్టల్‌కు తిరిగి వచ్చిన పిల్లకు ఉన్నది ముందుగా దుఃఖం, బెంగ. దాన్ని జబ్బు చేయకండి. అలాగని జబ్బును దుఃఖమని సరిపెట్టకండి. వారాల తరబడి నిద్రా తిండీ పూర్తిగా చెడిపోయినా, తాను బతకడమే తప్పన్నట్టు మాట్లాడినా, ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తున్నాయన్నా, అది మీ చదువుకూ ఉద్యోగానికీ మించిన విషయం. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరకు పంపాలి. ఎడతెగని నీరసం, మందగింపు ఉన్నవారికి థైరాయిడ్ పరీక్ష చేయించమని నేను తప్పకుండా అడుగుతాను. థైరాయిడ్ తగ్గినవారిని నెలల తరబడి మాటలతో బాగుచేయాలని చూసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నాయి. మందులు రాసే అధికారం మనకు లేదు, మందులు వద్దని చెప్పే అధికారం అంతకంటే లేదు.

సలహాల గురించి కూడా కొంత. మన దగ్గరకు వచ్చేవారు చివర్లో "మరి నన్నేం చేయమంటారు" అని అడుగుతారు. సలహా ఇవ్వకూడదని మనకు నేర్పారు కాబట్టి "మీరేమనుకుంటున్నారు" అని ఎదురడుగుతాం. అరవై కిలోమీటర్లు బస్సులో వచ్చిన మనిషికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. పంజాబుకు చెందిన సైకియాట్రిస్టు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే, మన దేశంలో రోగి థెరపిస్టు వైపు శిష్యుడు గురువు వైపు చూసినట్టు చూస్తాడని, ఆ ఆధారపడడాన్ని లోపంగా కాక, మొదలుపెట్టడానికి ఒక దారిగా తీసుకోవచ్చని రాశారు. నేను ఆ మాటను సగం మాత్రమే ఒప్పుకుంటాను. నిద్ర వేళలు, మందులు ఎలా వేసుకోవాలి, ఏ ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలి, ఇలాంటివి అడిగితే సూటిగా చెబుతాను. భర్తను వదిలి రానా, ఉద్యోగం మానేయనా అంటే చెప్పను. ఎందుకు చెప్పనో మాత్రం దాచకుండా చెబుతాను: ఆ నిర్ణయంతో రోజూ బతకవలసింది వారు, నేను కాదు. గురువు స్థానం ఇచ్చినప్పుడు దాన్ని కాదనడం కష్టం. దానిలో హాయిగా కూర్చుండిపోవడం చాలా సులువు, అక్కడే మనం చెడిపోతాం.

ఇంకొక సంగతి ఎవరూ తరగతిలో చెప్పరు. కొత్తగా వచ్చినవారు "మీదే ఊరండీ, ఇంటిపేరేమిటండీ" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో కులం ఉందని మనందరికీ తెలుసు. మొదట్లో నేను నొచ్చుకుని మాట మార్చేదాన్ని. ఒక రోజు ఒక దళిత విద్యార్థి నా ఇంటిపేరు అడిగి, విని, చాలాసేపు మౌనంగా ఉండి, తర్వాత మార్కుల గురించే మాట్లాడి వెళ్ళాడు. హాస్టల్ గదిలో తనను ఏ మాటతో పిలుస్తున్నారో అతను చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మొదటి రోజు ఇంటిపేరు అడిగినప్పుడు అతను నన్ను అడిగింది, ఇది నీకు చెబితే నువ్వు ఎటువైపు ఉంటావు అని. ఇప్పుడు అలాంటప్పుడు పేరు చెప్పి, "నాతో ఏ విషయమైనా చెప్పడానికి ఇది అడ్డమవుతుందేమోనని మీకు అనిపిస్తే అది కూడా మనం మాట్లాడుకోవచ్చు" అని అంటాను. అందరూ మాట్లాడరు. తలుపు తెరిచి ఉందని మాత్రం తెలుస్తుంది. మీ హాస్టల్లో ఏ పిల్లలు మీ గదికి అసలు రావడం లేదో ఒకసారి లెక్క చూసుకోండి.

ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడానికి మీరు వెనకాడుతున్నట్టు మీ ప్రశ్నలో ఒక చోట అనిపించింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అలా జరగదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా, తెలుగులో అడగండి. చాలాసార్లు ఎదుటివారు ఊపిరి వదులుతారు, ఎవరో ఒకరు అడిగారు కదా అని. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309 సెక్షన్ లేదు. పోలీసు కేసవుతుందన్న భయంతో పిల్లల ఆలోచనలు దాచే తల్లిదండ్రులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

నా దగ్గరకు వస్తున్న ఒక మనిషి చనిపోయారు. పదమూడేళ్ళయింది. అంతకంటే వివరాలు చెప్పను. ఆ తర్వాత ఆరు నెలలు ప్రతి క్లయింటు మౌనం నాకు ప్రమాద సూచనగా వినిపించేది. అందరినీ ప్రశ్నలతో వేధించాను, ఇద్దరిని అవసరం లేకుండా ఆస్పత్రిలో చేర్పించమని పట్టుబట్టాను. నన్ను ఆ స్థితి నుంచి తప్పించింది కాలమూ కాదు, ధైర్యమూ కాదు. నా సూపర్‌విజర్, అంటే నా కేసులను నాతో కలిసి పరిశీలించి దారి చూపే సీనియర్, వారం వారం నాతో ఆ చివరి నాలుగు సెషన్లను మాట మాటగా చదివించారు. నేను చూడవలసి ఉండి చూడనిది ఒకటి అందులో ఉంది. నేను ఎంత చూసినా ఆపలేనిది కూడా ఉంది. ఈ రెండింటినీ వేరు చేసి నా చేతిలో పెట్టారు. మొదటిదానికి నేను ఇప్పటికీ బాధ్యత వహిస్తాను. రెండోదాన్ని మోయడం మానేశాను. ఆ మనిషి అమ్మగారు సంవత్సరీకం తర్వాత ఒకసారి వచ్చి నా గదిలో ఒక గంట ఊరికే కూర్చుని వెళ్ళారు. ఆ రోజు నా కళ్ళు తడిశాయి, ఆమె నా చెయ్యి పట్టుకున్నారు, అందులో తప్పేమీ నాకు కనిపించలేదు.

ఇన్నేళ్ళకు మనసు బండబారుతుందా అని అడిగారు. నాకు బారలేదు. మారింది మాత్రం ఉంది: ఎదుటివారి బాధను వెంటనే తగ్గించాలన్న ఆత్రం తగ్గింది. మీ వయసులో నాకు ఒక మనిషి ఏడుస్తుంటే టిష్యూ అందించేదాకా ప్రాణం నిలిచేది కాదు. ఇప్పుడు ఏడవనిస్తాను. ఆ ఆత్రం దయలాగా కనిపిస్తుంది గాని, అందులో సగం, నేను చూడలేకపోతున్నాను, ఆపెయ్యి అన్న వేడుకోలు. నిద్ర పట్టని రాత్రులు కూడా చాలావరకు దానివల్లే. మనం ఇంటికి మోసుకొచ్చేది వారి దుఃఖాన్ని కాదు, దాన్ని ఇంకా తీర్చలేకపోయామన్న మన బాకీని.

దానికి నేను చేసేవి చెబుతాను. రోజుకు ఐదుగురికి మించి చూడను, ఆత్మీయుల మరణం గురించి మాట్లాడేవారు వరసగా ఇద్దరు ఉంటే మధ్యలో అరగంట వదులుతాను. చివరి సెషన్ అయ్యాక నోట్సు రాసి, బీరువాకు తాళం వేసి, నడిచే ఇంటికి వెళతాను. 22 ఏళ్ళ తర్వాత కూడా నెలకు రెండుసార్లు సూపర్‌విజన్‌కు వెళతాను. మొదట్లో మూడేళ్ళు నేనూ వేరొకరి ఎదుట క్లయింటుగా కూర్చున్నాను; అవతలి కుర్చీలో కూర్చుని, ఫీజు చెల్లించి, "ఈ రోజుకు సమయం అయింది" అన్న మాట విన్నవారికే ఆ మాట ఎలా అనాలో తెలుస్తుందని అప్పుడు అర్థమైంది.

మీకు సూపర్‌విజర్ ఎవరూ లేరని రాశారు. హాస్టల్లో అయిదు వందల మంది పిల్లలకు ఒక్కరే ఉండి, పైన అడిగే మనిషి లేకుండా పనిచేయడం మీ బలహీనత కాదు గాని, ఆ ఏర్పాటు పిల్లలకు ప్రమాదం. కాలేజీ ఖర్చు పెట్టకపోతే మీలాంటి కౌన్సెలర్లు నలుగురు కలిసి ఒక సీనియర్ క్లినికల్ సైకాలజిస్టును నెలకు ఒక పూట అడగండి, ఫీజు పంచుకోండి. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర నమోదైనవారో కాదో చూసుకుని వెళ్ళండి. మొదటి సమావేశానికి ఆ అమ్మాయి పేరు, ఊరు తీసేసి, ఆ రోజు మీకు కన్నీళ్ళు వచ్చిన క్షణానికి ముందు ఆమె అన్న చివరి వాక్యం ఏమిటో గుర్తుతెచ్చుకుని రాసుకుని వెళ్ళండి. అది మీలో ఎవరిని తాకిందో అక్కడ మాట్లాడండి. ఆమె తర్వాతి సెషన్‌కు ముందే అది జరిగితే మంచిది.